తుప్పు గొంతు

సమ్మె మొదలైన వారానికి నాకొక సంగతి తెలిసొచ్చింది. మా ఇంట్లో పగలు ఎలా ఉంటుందో నాకు తెలియదు.

బస్సు తోలడం మొదలుపెట్టిన దగ్గర్నుంచీ ఇంటిని నేను చూసింది దీపాల వెలుగులోనే. తెల్లవారకముందే డిపోకి పోవడం, పొద్దుపోయాక రావడం. సెలవు దొరికితే నిద్రే నిద్ర. ఆ ఏడాది వానలూ మా సమ్మే కూడబలుక్కున్నట్టు ఒకేసారి వచ్చాయి. పొద్దున్నే డిపో గేటు ముందు కాసేపు నినాదాలు చేసి, గొంతు పోగొట్టుకుని, తడిసి ముద్దయి ఇంటికి చేరేవాణ్ణి. అప్పటికే నా భార్య ఆసుపత్రికి వెళ్ళిపోయి ఉండేది. ఆవిడ నర్సు. అమ్మాయి కాలేజీకి వెళ్ళిపోయేది. ఇంట్లో నేనూ, కిటికీ రేకు మీద వాన చప్పుడూ మిగిలేవాళ్ళం.

టీ పెట్టుకుందామంటే చక్కెర డబ్బా ఎక్కడుందో తెలియదు. దొరికిన డబ్బాలో ఉప్పు ఉండేది. మధ్యాహ్నం వంటింటి కిటికీలోంచి చెయ్యెడల్పు వెలుగు వచ్చి, పొయ్యి పక్కన కాసేపు పడి వెళ్ళిపోతుందని అప్పుడే చూశాను. పై వాటాలో ఎవరో రోజూ అదే వేళకి కుర్చీ జరుపుతారని విన్నాను. వాళ్ళెవరో అడుగుదామంటే అడగడానికి మనిషి లేడు.

అన్నిటికంటే నా చేతులే నన్ను ఇబ్బంది పెట్టాయి. స్టీరింగు లేకపోయేసరికి వాటికి ఏం చెయ్యాలో తోచలేదు. ఒళ్ళో పెట్టుకుంటే, ఎవరో మర్చిపోయి దిగిపోయిన సామానులా ఉండేవి. జేబులో పెట్టుకుంటే దొంగలా కనపడేవాణ్ణి. కుర్చీలో కూర్చుని పేపరు చదువుతుంటే ఎడమ కాలు తనంతట తనే క్లచ్ తొక్కుతుండేది.

ఒకరోజు మధ్యాహ్నం వార్తల్లో చర్చల సంగతి చెప్తారని మా కండక్టరు కబురు పెట్టాడు. డిపోలో అందరం అతన్ని బక్కాయన అంటాం. ఎముకల మీద యూనిఫారం తగిలించినట్టుంటాడు గానీ, కేక వేస్తే బస్సు చివరి సీటు దాకా ఖంగుమని వినపడుతుంది. ముందు గది అలమరాలో రేడియో, టేపు కలిసిన పెట్టె ఒకటి ఉండేది. అమ్మాయికి మా చెల్లెలు ఇచ్చింది. నేను దాన్ని ఎన్నడూ ముట్టుకున్న పాపాన పోలేదు. రేడియో అనుకుని ఒక మీట నొక్కాను.

గిన్నెల అర మొత్తం కూలినట్టు ఒక చప్పుడు. ఉలిక్కిపడి వెనక్కి జరిగాను. ఆ తర్వాత ఏదో గరగరా ఒరుసుకుంటూ మొదలైంది. అది గిటారని తర్వాత తెలిసింది గానీ, అప్పటికి గేరు పళ్ళు అరుగుతున్నాయనుకున్నాను. ఆపేద్దామని చెయ్యి చాపేలోపు గొంతు వచ్చింది. ఆడో మగో తెలియని గొంతు. జలుబు చేసిన మనిషి, అందరూ వెళ్ళిపోయిన గదిలో, ఎవరికీ చెప్పాలని లేకుండానే చెప్పుకుంటున్నట్టు:

రెండు చేతులున్నాయి, పెట్టుకోవడానికి చోటు లేదు.
బల్ల మీద పెడితే బల్ల చల్లన.
జేబులో పెడితే జేబు చల్లన.

నా చెయ్యి మీట దగ్గరే ఆగిపోయింది. పాట ముదిరే కొద్దీ డ్రమ్ములు మీదపడ్డాయి, గిటారు అరిచింది. ఆ గొంతు మాత్రం అరవలేదు. గోల మధ్య నిలబడి అదే మాట మళ్ళీ మళ్ళీ చెప్పింది. పాట అయిపోయాక చూసుకుంటే నేను నేల మీద కూర్చుని ఉన్నాను. ఎప్పుడు కూర్చున్నానో గుర్తు లేదు. టేపు వెనక్కి తిప్పడం తెలుసుకునేదాకా అన్ని మీటలూ నొక్కి, మళ్ళీ విన్నాను. ఆ తర్వాత మళ్ళీ.

సాయంత్రం బక్కాయన గొడుగు దులుపుకుంటూ వచ్చాడు.

"ఏం చెప్పాడు?"

"ఎవరు?"

"ఎవరేంటి, మంత్రి! వార్తలు వినలేదా?"

"లేదు. పాట విన్నాను."

బక్కాయన నా ముఖంలోకి చూసి, నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు. "జ్వరమైతే లేదు మరి," అన్నాడు.

అతను వెళ్ళాక అమ్మాయి వచ్చింది. తన నీలం గొడుగు మూల పెట్టి, చెప్పులు విప్పుతూనే అలమరా వైపు చూసింది.

"నా టేపు ఎవరు కదిపారు?"

"నేనే అమ్మలూ. వార్తల కోసం నొక్కాను."

"వచ్చాయా వార్తలు?"

"రాలేదు. ఎవరో పాపం, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలీక అవస్థ పడుతున్నారు."

రెండో చెప్పు విప్పడం ఆపి నా వైపు చూసింది. "మొత్తం విన్నావా?"

"విన్నాను. ఎవరమ్మా అతను?"

"అతను కాదు, ఆమె."

"పేరు?"

"తుప్పు."

"తుప్పేంటి? పేరా అది? కన్నవాళ్ళు పెట్టిందేనా?"

"తనే పెట్టుకుంది."

"మా డిపోలో తుప్పు పడితే బండిని తీసుకెళ్ళి మూల పడేస్తారు."

"అందుకే పెట్టుకుంది నాన్నా," అంది.

నాన్నా అని పిలిచి, వాక్యం పూర్తి చేసి, వెంటనే తన గదిలోకి వెళ్ళకుండా నిలబడింది. మా ఇంట్లో అది చిన్న సంగతి కాదు. పదో తరగతి దాటాక మా అమ్మాయి మాటలు అవునూ కాదూ తెలీదూ అన్న మూడింటికి దిగిపోయాయి. నేనూ అలవాటు పడ్డాను. బస్సులో వెనక సీట్లో ఎవరున్నారో తెలియకుండానే తోలుకుపోతాం కదా, అలా.

ఆ తర్వాత కొన్నాళ్ళు బాగా గడిచాయి. ఎక్కువ కాదు. అమ్మాయి కాలేజీ నుంచి వచ్చేవేళకి టీ నేనే పెట్టేవాణ్ణి. చక్కెర ఎక్కడుందో అప్పటికి తెలిసింది. టేపు పెట్టుకుని ఇద్దరం గోడకి ఆనుకుని కూర్చునేవాళ్ళం. పాట నడుస్తున్నప్పుడు మాట్లాడకూడదు, అది తన చట్టం. పాటకీ పాటకీ మధ్య ఉన్న ఖాళీలో ఒకటో రెండో మాటలు.

"నీకెలా తెలిసిందమ్మా ఈవిడ?" అని అలాంటి ఒక ఖాళీలో అడిగాను.

తర్వాతి పాట మొదలైనా, ఆ రోజు తన చట్టం తనే తప్పి చెప్పింది. పోయిన ఏడాది లెక్కల పరీక్ష రాస్తుండగా కిటికీ బయట కాపలా మనిషి రేడియో పెట్టుకున్నాడట. ఆ గొంతు వినపడింది. పెన్ను కింద పెట్టేసింది. పాట అయిపోయేదాకా రాయలేదు. అయిపోయాక కూడా రాయలేదు.

"అందరూ వంచిన తల ఎత్తకుండా రాసుకుంటున్నారు నాన్నా. ఎవరికీ వినపడలేదు. నాకొక్కదానికే వినపడింది. నన్నే పిలిచినట్టు."

ఆ లెక్కల మార్కులు వచ్చిన రోజు నేను ఇంటి కప్పు లేచిపోయేలా అరిచాను. నాకు గుర్తుంది, తనకీ గుర్తుంది. ఇద్దరం ఆ మాట ఎత్తలేదు. ఎవరికీ చెప్పొద్దని తను అనలేదు. అనాల్సిన అవసరం ఉంటుందని అనుకుని ఉండదు.

ఇంకా టేపులున్నాయా అంటే, బజార్లో పాటల కొట్టులో ఉంటాయని చెప్పింది. మర్నాడు గేటు దగ్గర నినాదాలు అయిపోగానే అక్కడికి వెళ్ళాను. గడియారాలు బాగుచేసే షాపుకీ మందుల షాపుకీ మధ్య ఇరుక్కున్న సందులాంటి కొట్టు. ఇద్దరు ఎదురెదురైతే ఒకరు పక్కకి తిరగాలి. కొట్టు నడిపేది ఒకమ్మాయి. జుట్టు మగపిల్లాడిలా కత్తిరించుకుని, చెవి మీద పెన్సిలు పెట్టుకుని ఉంది.

"ఏం కావాలండీ?"

"తుప్పు," అన్నాను. బయట అంటే ఇనుప సామాను కొట్టు చూపించేవాళ్ళు. ఆ పిల్ల ముఖం మాత్రం వెలిగిపోయింది.

అక్కడ నాలాంటివాళ్ళు ఉన్నారని అప్పుడు తెలిసింది. బ్రెడ్డు బట్టీలో పనిచేసే మనిషొకడు వచ్చేవాడు. ఎంత కడుక్కున్నా కనుబొమల్లో పిండి ఉండేది. బట్టీ వాళ్ళ వ్యానులో రేడియో స్టేషను తిప్పే మర విరిగిపోయి ఒకే స్టేషన్ దగ్గర ఇరుక్కుందట. ఆ స్టేషను వాళ్ళు పొద్దున్నే ఈవిడ పాటే వేసేవాళ్ళట. మొదట తిట్టుకున్నాడు. మర బాగుచేయించిన రోజు తోచక వెతుక్కున్నాడు. ఇంకొకావిడ బళ్ళో టీచరు. పక్కింట్లో ఈ పాటలు హోరెత్తిస్తుంటే దెబ్బలాడదామని చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని వెళ్ళిందట. తలుపు తీసేసరికి "ఇది ఎవరు పాడారండీ?" అని అడిగి వెనక్కి వచ్చిందట. కొట్టమ్మాయి మటుకు వాళ్ళమ్మ పోయిన రోజు ఆసుపత్రి వరండాలో విన్నానంది. అంతకంటే చెప్పలేదు. ఎవరికి వాళ్ళకి ఆ గొంతు తమకోసమే వచ్చిందని నమ్మకం. పాట పెట్టగానే అందరూ మాట్లాడడం మానేసి, ఒకరి ముఖం ఒకరు చూడకుండా, తలో గోడ వైపు తిరిగి వినేవాళ్ళు. అంత ఇరుకులో కూడా ఎవరికి వాళ్ళు ఒంటరిగా నిలబడడానికి చోటు చేసుకునేవాళ్ళు.

నేను మాత్రం అలా ఊరుకోలేకపోయాను. ఇన్నేళ్ళుగా రోజూ కొన్ని వందల మంది నా వీపు చూశారు గానీ, నా మాట విన్నవాళ్ళు లేరు. రెండో టేపులో ఒక పాటకి డ్రమ్ములు కుంటుకుంటూ నడుస్తాయి. "ఇది ఒక సిలిండరు పనిచెయ్యని డీజిలింజన్. ఎత్తు మీద నిండు బండి. దిగి తొయ్యమనడానికి కండక్టరుకి మొహమాటం," అన్నాను. కొట్టంతా గొల్లుమంది. ఆ మర్నాడు కొత్తగా వచ్చినవాళ్ళకి బట్టీ ఆయన అదే మాట చెప్పి, "అదుగో, ఆయనే!" అని నన్ను చూపించాడు. డ్రైవరు గారు డ్రైవరు గారు అంటూ నాకు స్టూలు వేసేవాళ్ళు. నేను చెప్పుకుపోయేవాణ్ణి. చేతుల పాట నిజానికి డ్రైవర్ల పాటేననీ, సమ్మెలో ఉన్నవాడికే దాని అర్థం తెలుస్తుందనీ చెప్పాను. అందరూ తలూపారు.

"మీరు కూర్చున్న స్టూలు ఒకమ్మాయిదండీ," అంది కొట్టమ్మాయి ఒకరోజు. "సాయంత్రాలు వస్తుంది. ఎవరితోనూ మాట్లాడదు. టేపు అట్ట మీద పాటలు చదువుకుంటూ కూర్చుంటుంది. ఒక్కసారి మాత్రం చెప్పింది. ఇదివరకు కాలేజీలో ఒక స్నేహితురాలుండేదట. ఆ పిల్ల ఇప్పుడు వేరే బెంచీకి మారిపోయిందట. మధ్యాహ్నం ఈ అమ్మాయి ఒక్కతే తింటోందట. ఈ మధ్య ఎందుకో రావడం తగ్గించింది."

"నీలం గొడుగా?" అన్నాను.

"అవును! మీకు తెలుసా?"

కొట్టమ్మాయి చెప్పిన సంగతి నాకు ఎక్కడో లోపల దిగింది. నా కూతురు మధ్యాహ్నాలు ఒక్కతే తింటోందని బజార్లో పరాయి మనిషి చెప్తే నేను వింటున్నాను. కానీ అంతకంటే ముందు నోట్లోంచి వచ్చింది వేరే. ఛాతీ పొంగింది. "మా అమ్మాయే!" అన్నాను, అందరికీ వినపడేలా. ఆ ఊపులోనే లెక్కల పరీక్ష సంగతి కూడా చెప్పేశాను. కిటికీ, కాపలా మనిషి, పెన్ను, అంతా. టీచరమ్మ కళ్ళు తుడుచుకుంది.

రెండు రోజుల తర్వాత వాన కాస్త తెరిపిచ్చిన సాయంత్రం నేనక్కడే ఉండగా అమ్మాయి వచ్చింది. గుమ్మంలో గొడుగు ముడుస్తూ తలెత్తింది. స్టూలు మీద నేను. చుట్టూ జనం.

"రా అమ్మా రా! నువ్వేనా డ్రైవరు గారి అమ్మాయివి?" అన్నాడు బట్టీ ఆయన. పాపం, మంచి మనిషి. "మీ నాన్న చెప్పారు. పరీక్షలో పాట వినపడి పెన్ను కింద పెట్టేశావట కదా! నన్నే పిలిచినట్టుందీ అన్నావట కదా!"

అందరూ ప్రేమగా నవ్వారు. అమ్మాయి కూడా నవ్వింది. సగం ముడిచిన గొడుగు మళ్ళీ తెరిచింది. "పనుంది, మళ్ళీ వస్తాను," అని చెప్పి మెట్లు దిగిపోయింది. అప్పుడు వాన పడడం లేదు.

నేను ఇంటికి చేరేసరికి అమ్మాయి గదిలో దీపం వెలుగుతోంది. తలుపు తీసే ఉంది. మంచం పైనున్న గోడకి తుప్పు బొమ్మ ఉండేది, ముఖం సగం జుట్టులో దాచుకుని గిటారు మీదికి వంగిన పెద్ద కాగితం. అమ్మాయి మంచం మీద నిలబడి దాని మూలల్ని గోటితో మెల్లగా ఊడదీస్తోంది. చిరగకుండా.

"అమ్మలూ," అన్నాను.

"ఆ పాట నీ గురించి కాదు నాన్నా."

"నేనలా అన్లేదమ్మా."

"అన్నావు. డ్రైవర్ల పాటన్నావట. కొట్టులో అక్క చెప్పింది, మొన్నే."

"ఏదో మాటవరసకి... మరి ఎవరి గురించి?"

చెయ్యి ఆపి నా వైపు చూసింది. ఆ ప్రశ్న అడిగి ఉండాల్సింది కాదని ఆ చూపుతోనే నాకు తెలిసింది. కాగితం చుట్టచుట్టి, రబ్బరు బ్యాండు వేసి, పైన ఆ పాటల టేపు పెట్టి, తెచ్చి నా చేతికిచ్చింది.

"నువ్వుంచుకో. నాకు ఇప్పుడు అంత ఇష్టం లేదు."

కోపంగా అని ఉంటే బాగుండేది. బస్సులో పెద్దవాళ్ళకి లేచి సీటిచ్చినట్టు, మర్యాదగా అంది.

నా భార్య డ్యూటీ నుంచి వచ్చి, వేణ్ణీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని, ఖాళీ గోడ చూసి, "పోనీలెండి, ఇకనైనా చదువుకుంటుంది," అంది. నా ముఖం చూసి, ఏం జరిగిందని అడిగింది. చెప్పాను. ఆవిడ నీళ్ళలో పాదాలు అటూ ఇటూ కదిపింది.

"ఆ వయసు పిల్లకి తనదంటూ ఏముంటుందండీ ఇంట్లో?" అంది. "బట్టలు నేను కొంటాను, చదువు మీరు చెప్పినది. మనకి తెలీనిది ఏదో ఒకటి ఉంటేనే కదా వాళ్ళకి కాస్త ఊపిరాడేది."

"నేను దానికి దగ్గరవుదామనే..."

"తెలుసు," అంది. తువ్వాలు అందుకుంది.

ఆ తర్వాత నేను కొట్టుకి వెళ్ళడం మానేశాను. నేను మానేస్తే తను వెళ్తుందని ఆశ. వెళ్ళినట్టు కనపడలేదు. సాయంత్రం వచ్చేది, నేను పెట్టిన టీ తాగేది, కప్పు కడిగి బోర్లించేది. మాటలు మళ్ళీ ఆ మూడింటికే వచ్చాయి. నిజం చెప్పాలంటే, అలవాటు కొద్దీ అడిగే నా ప్రశ్నలకి అంతకంటే పెద్ద జవాబులు అక్కర్లేదు కూడా. పగళ్ళు ఒక్కణ్ణే టేపు వినేవాణ్ణి. చప్పుడు బాగా తగ్గించి, పెట్టెకి చెవి ఆనించి. అంతగా మనసు విరిగినా, వినడం మానలేకపోయాను. ఈ అభిమానం ఎక్కడ మొదలవుతుందో చెప్పొచ్చు గానీ, ఎలా ఆపాలో ఎవరూ చెప్పలేదు.

వానలు వెనకబట్టాక సమ్మె కూడా సద్దుమణిగింది. అడిగిందాంట్లో సగం ఇచ్చారు, మిగతా సగం చూస్తామన్నారు. బక్కాయన నా బస్సు బోనెట్టు మీద చెయ్యి వేసి, "మనల్ని మర్చిపోలేదు, చూడు," అన్నాడు. ఇంజను మూడోసారికి అందుకుంది. స్టీరింగు పట్టుకోగానే చేతులు వాటి చోటికి అవే వెళ్ళాయి. సంతోషపడాల్సిన మాటే.

తుప్పు మా ఊరు వస్తోందని ఆ వారమే గోడల మీద కాగితాలు వెలిశాయి. ఊరి చివర పాత గూడ్సు షెడ్డులో, ఆదివారం మధ్యాహ్నం. కొట్టమ్మాయి బస్‌స్టాపులో నన్ను పట్టుకుని, కదులుతున్న బస్సు కిటికీలోంచి రెండు టికెట్లు అందించింది. "మీకూ మీ అమ్మాయికీ!" అని అరిచింది.

భోజనాల దగ్గర ఒక టికెట్టు అమ్మాయి వైపు జరిపాను.

"ఆదివారం నాకు నోట్సులున్నాయి. నాతో చదివే అమ్మాయి వాళ్ళింటికెళ్ళి రాసుకోవాలి," అంది. "నువ్వెళ్ళు నాన్నా."

"నువ్వు లేకుండా నేనెక్కడికెళ్తానమ్మా. ఎవరికైనా ఇచ్చేస్తాను."

ఆదివారం డ్యూటీ పడిందని చెప్పి యూనిఫారం వేసుకుని బయల్దేరాను. షెడ్డు గేటు దగ్గర టికెట్టు లేక నిలబడ్డ ఒక కుర్రాడికి రెండోది ఇచ్చేశాను. అతను నాకు దండం పెట్టి, తిరిగి చూడకుండా లోపలికి పరిగెత్తాడు. గేటు మనిషి నా మణికట్టు మీద ఊదారంగు సిరాతో గుండ్రటి ముద్ర గుద్దాడు. లోపల ఎటు చూసినా పాతికేళ్ళ లోపు పిల్లలే. నన్ను చూసి ఇద్దరు ముగ్గురు దారి ఇచ్చారు, షెడ్డు కాపలావాణ్ణనుకుని.

తుప్పు వచ్చింది. బొమ్మలో కంటే చాలా చిన్న మనిషి. నమస్కారం లేదు, నవ్వు లేదు. ఎవరో పిలిస్తే విసుక్కుంటూ వచ్చినట్టు వచ్చి, గిటారు తగిలించుకుని మొదలుపెట్టింది. మొదటి దెబ్బకి షెడ్డు రేకులు వణికాయి. టేపులో విన్నది నీడ. ఇది మనిషి. నా పక్కటెముకలు కూడా మోగాయి. పక్కనున్న పిల్లలు ఒకరి భుజాల మీద ఒకరు చేతులు వేసుకుని ఊగుతున్నారు. నా రెండు పక్కలా మాత్రం ఒక మనిషి పట్టేంత ఖాళీ అలాగే ఉంది.

మూడో పాటలో చూశాను. ఎడమ వైపు ఇనుప స్తంభానికి ఆనుకుని, నీలం గొడుగు చంకలో పెట్టుకుని, మా అమ్మాయి.

స్నేహితులెవరూ లేరు. ఒక్కతే. కళ్ళు మూసుకుని పాడుతోంది. ఇంట్లో ఎన్నడూ వినని గొంతుతో పాడుతోందేమో, ఆ హోరులో నాకు వినపడదు. పెదవులు మాత్రం తుప్పు పెదవులతో పాటే కదులుతున్నాయి, ఒక్క మాట వెనకపడకుండా. చెంపలు తడిగా ఉన్నాయి. తుడుచుకోవడం లేదు. నా కూతుర్ని అంత దగ్గరగా నేనెప్పుడూ చూడలేదు. మా మధ్య కనీసం ఒక బస్సు పొడవు దూరం ఉంది.

వెళ్ళి పక్కన నిలబడొచ్చు. రెండడుగులు వేశాను కూడా. అప్పుడు తను కళ్ళు తెరిచేలా ఉందనిపించి, చటుక్కున, అప్పుడే కనపడ్డ బట్టీ ఆయన వెడల్పాటి వీపు వెనక్కి తప్పుకున్నాను. ఆయన నన్ను చూసి నోరు తెరవబోయాడు. వేలు పెదవుల మీద పెట్టి చూపించాను. ఈసారి ఆయనకి అర్థమైంది. అలా కాసేపు నిలబడి, ఇంకా పాటలుండగానే, పక్క తలుపులోంచి బయటికి వచ్చేశాను. బయట ఎండ పలచగా కాస్తోంది. డిపోకి పోయి, నిలిపి ఉన్న నా బస్సులో, డ్రైవరు సీట్లో కాకుండా ప్రయాణికుల సీట్లో కూర్చున్నాను. డ్యూటీ దిగే వేళ అయ్యేదాకా.

భోజనానికి ముగ్గురం కూర్చున్నాం. అమ్మాయి చేతులు కడుక్కుని వచ్చింది. నేను నీళ్ళ గ్లాసు కోసం చెయ్యి చాపాను.

"ఏంటండీ ఆ ముద్ర?" అంది నా భార్య. "డిపోలో ఇప్పుడు మనుషులక్కూడా వేస్తున్నారా?"

"ఆదివారం డ్యూటీకి కొత్త పద్ధతిట," అన్నాను.

అమ్మాయి చెయ్యి పళ్ళెం మీద ఆగింది. చొక్కా చేతిని మణికట్టు దాకా లాక్కుంది. లాక్కోకముందే నేను చూశాను. అక్కడ చర్మం రుద్ది రుద్ది ఎర్రగా కందిపోయి ఉంది. అంచున ఊదారంగు కొంచెం మిగిలింది.

నా భార్య ఇంకేదో తేవడానికి వంటింట్లోకి వెళ్ళింది.

"సబ్బుతో పోదు నాన్నా," అంది అమ్మాయి, తలెత్తకుండా. "నూనె రాసి తుడుచుకో."

"సరేనమ్మా."

కాసేపటికి మళ్ళీ అంది. "ఆఖర్న కొత్త పాట పాడింది. టేపుల్లో లేనిది. గిటారొక్కటే, డ్రమ్ములు లేవు."

"అవునా," అన్నాను. ఎలా ఉందని అడగబోయి ఆగాను.

"అది నాకు వదిలెయ్ నాన్నా."

కోపం లేదు. మర్యాద కూడా లేదు. అడుగుతోంది, అంతే.

"వదిలేశాను," అన్నాను.

తలూపి భోజనం మొదలుపెట్టింది. ఆ మాట మా మధ్య మళ్ళీ రాలేదు.

ఆ పాట తర్వాత టేపులో వచ్చింది. ఊరంతా మోగిందట. తుప్పు పాటల్లో అంత మంచిది లేదని బట్టీ ఆయన బస్సెక్కినప్పుడల్లా చెప్పబోతాడు, టికెట్టు కొట్టమని బక్కాయన్ని పురమాయిస్తాను. అమ్మాయి ఇప్పుడు వేరే ఊళ్ళో ఉద్యోగం చేస్తోంది. ఫోనులో మాట్లాడుకుంటాం, ఒంట్లో ఎలా ఉంది, భోజనం చేశావా. నేనింకా అదే రూటులో తోలుతున్నాను. అప్పుడప్పుడు వెనక ఎవరి దగ్గరో ఒక గిటారొక్కటే మెల్లగా మొదలవుతుంది, డ్రమ్ములు లేకుండా. గొంతు అందుకునేలోపు నా పక్క కిటికీ అద్దం పూర్తిగా దించేసి, రోడ్డు చప్పుడంతా లోపలికి రానిస్తాను.